కర్నూలు మునిగితే డోన్ మాట్లాడాలి

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగింది. ఆ దృశ్యాన్ని హైదరాబాదులో ఉన్నవాళ్ళు చూశారు, బెంగుళూరులో ఉన్నవాళ్ళు చూశారు, డోన్‌లో మేమూ చూశాం. చూడలేకపోయింది కర్నూలు వాళ్ళే. మిద్దె మీద తడుస్తూ కూర్చున్న మనిషికి నీళ్ళు ఇంకా ఎక్కుతాయా, ఇక దిగుతాయా, పడవ ఏ వీధి దాకా వస్తోంది, అన్నం పొట్లాలు ఎక్కడ ఇస్తున్నారు అని చెప్పే దిక్కు లేకపోయింది. కరెంటు పోయింది. దాంతోపాటు కేబుల్ పోయింది. సెల్‌ఫోన్లు ఒకటొకటిగా ఆరిపోయాయి.

ఇన్నేళ్ళయినా ఆ సంగతి నా మనసులోంచి పోలేదు. అప్పట్లో నేను డోన్‌లో ఒక లోకల్ ఛానల్‌కు వార్తలు రాసేవాణ్ణి, అవసరమైతే కెమెరా మోసేవాణ్ణి. ఆ ఏడాది నైరుతి దేశమంతటినీ ఎండగట్టింది. 1972 తర్వాత అంత లోటు పడలేదన్నారు. సెప్టెంబరు ఆఖర్లో వాన పట్టుకుంటే మా వైపు రైతులు ఆకాశానికి దండం పెట్టారు. ఏడాదికి ఆరు వందల చిల్లర మిల్లీమీటర్లు పడితే పండగ చేసుకునే సీమ ఇది. అటు కర్ణాటకలో, ఇటు మన జిల్లాలో కురిసిందంతా తుంగభద్రలోకి, హంద్రీలోకి, కృష్ణలోకి ఒకేసారి దిగింది. సుంకేసుల దగ్గర కట్ట ఆగలేదు. శ్రీశైలంలో 885 అడుగుల పూర్తి మట్టం దాటి నీళ్ళు 896 అడుగుల దాకా ఎక్కి, వెనక్కి తన్నాయి. హంద్రీ తుంగభద్రలో కలిసే చోటే కర్నూలు ఉంది. మంత్రాలయంలో మఠం మునిగి యాత్రికులు పై అంతస్తుల్లో చిక్కుకున్నారు. ఆలంపూర్ వైపు హైవే తెగి హైదరాబాదు దారి మూసుకుపోయింది. నీళ్ళు కాస్త తీయగానే జనం దక్షిణం పట్టి వెల్దుర్తి మీదుగా మా ఊరికి రావడం మొదలుపెట్టారు.

మా కంట్రోల్ రూం అంటే అంగళ్ళ మీద ఒక గది. మిద్దె మీద డిష్‌లు, లోపల మాడ్యులేటర్ల ర్యాక్, ఒక కంప్యూటర్, ఒక మైకు, కింద చిన్న జనరేటర్. మామూలుగా రాత్రి సినిమా, పొద్దున భక్తి పాటలు, మధ్యలో బట్టల దుకాణం ప్రకటనలు. ఆ రోజు సినిమా నడుస్తుండగానే ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. కూతురిని కర్నూలు పాతబస్తీలో ఇచ్చారట. "ఆ సినిమా ఆపండప్పా, మా పాప యాడుందో ఎవురన్నా సూసినారేమో అడగండి" అంది. సినిమా ఆపేశాం.

తర్వాత మేం చేసినది చాలా చిన్న పని. కర్నూలు నుంచి లారీలోనో ట్రాక్టర్ మీదనో వచ్చి దిగిన వాళ్ళను గదిలోకి పిలిచి, నీళ్ళిచ్చి, మైకు ముందు కూర్చోబెట్టాం. ఏ వీధి నుంచి వచ్చినావు? నువ్వు బయల్దేరేటప్పుడు నీళ్ళు ఎంత వరకున్నాయి? ఎవరెవరిని చూసినావు? ఇవే ప్రశ్నలు, మళ్ళీ మళ్ళీ. వీధి పేర్లు, బడి పేర్లు, మసీదు పేర్లు స్క్రోలింగులో వేశాం. మా గదిలో ఒక పెద్దాయన ఒకే నియమం పెట్టాడు: కళ్ళతో చూసింది మాత్రమే చెప్పాలి, విన్నది వద్దు. శ్రీశైలం డ్యాం తెగిందన్న పుకారు అప్పటికి ఊరూరా పాకింది. 19 లక్షల చిల్లర క్యూసెక్కుల వరదకు కట్టిన డ్యాంకు 25 లక్షల దాకా వచ్చిందంటే ఆ భయం ఊరికే పుట్టింది కాదు. "నువ్వు చూసినావా?" అని పెద్దాయన అడిగేవాడు. చూశామన్న వాళ్ళు ఒక్కరూ లేరు. అది మా తెర మీదికి రాలేదు. డ్యాం నిలబడింది. ప్రసారం అనే పనిలో నాకు తెలిసిన అత్యంత గౌరవప్రదమైన ఘట్టం అది. మైకు చేతిలో ఉండి, గది నిండా జనం అడుగుతూ ఉండి, చెప్పకుండా ఉండటం.

కానీ మేం మాట్లాడింది డోన్ వాళ్ళకు. పెద్దావిడకు మా మాట వినిపించింది, పాతబస్తీలో ఉన్న ఆమె కూతురికి వినిపించలేదు. వరదలో ప్రసారం గురించి నేను చదివిందంతా ఆ లోటు ఎట్లా పూడ్చాలా అనే చదివాను.

2005 ఆగస్టు 29న అమెరికాలో న్యూ ఆర్లీన్స్‌ను కత్రినా ముంచింది. ఆ నగరపు టీవీ స్టేషన్లలో ఒక్క డబ్ల్యూడబ్ల్యూఎల్ మాత్రమే ఆగకుండా నడిచింది. దాని స్టూడియో ఊరి నడిబొడ్డున ఫ్రెంచ్ క్వార్టర్‌లో ఉంది, దాన్ని వదిలేసి రావలసి వచ్చింది. అయినా ప్రసారం ఎందుకు ఆగలేదంటే, సుమారు 130 కిలోమీటర్ల దూరంలో బాటన్ రూజ్ అనే ఊళ్ళో లూసియానా స్టేట్ యూనివర్సిటీ జర్నలిజం విభాగంతో ముందే ఒప్పందం ఉంది. తుపాను రాక ముందే కొందరు అక్కడికి చేరారు. మిసిసిపీ నది అవతలి గట్టున గ్రెట్నాలో ట్రాన్స్‌మిటర్ నిలబడింది. విద్యార్థులు పాఠం నేర్చుకునే గదిలోంచి మునిగిన ఊరికి వార్తలు వెళ్ళాయి. ఆ పనికి పీబాడీ అవార్డు ఇచ్చారు. రేడియో వైపు చూస్తే పోటీ కంపెనీలు సైతం పోటీ పక్కన పెట్టి ఒకే ఉమ్మడి ప్రసారం నడిపాయి.

2017 ఆగస్టులో హార్వీ తుపానుకు హ్యూస్టన్‌లో కేహెచ్‌ఓయూ స్టేషన్ కింది అంతస్తులోకి వాగు నీళ్ళు వచ్చాయి. వాళ్ళు మాట్లాడుతూనే పైకెక్కారు, తర్వాత భవనం విడిచారు. డాలస్‌లోని సోదర స్టేషన్ ప్రసారాన్ని అందుకుంది. చివరికి హ్యూస్టన్ యూనివర్సిటీ ఆవరణలోని పబ్లిక్ టీవీ వాళ్ళు తమ స్టూడియో ఇచ్చారు. 2020లో లారా తుపానుకు లేక్ చార్లెస్ పట్నంలో కేపీఎల్‌సీ టవర్ విరిగి సొంత స్టూడియో మీదే పడింది. సిబ్బంది ముందే ఖాళీ చేసి వెళ్ళి బాటన్ రూజ్ నుంచి నడుపుతున్నారు.

మూడింటిలోనూ స్టేషన్‌ను కాపాడింది గోడల బలం కాదు. నీళ్ళు రాని చోట ఒక గది, ఆ గదివాళ్ళ సాయం. న్యూ ఆర్లీన్స్‌లో అయితే ఆ మాట ముందే కుదిరింది.

మన దగ్గర, నాకు తెలిసినంతలో, అలాంటి మాట ఇంకా ఎవరూ కుదుర్చుకోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటింది. సెల్ టవర్లు మూగబోయాయి, కైలాసగిరి మీది వాతావరణ రాడార్ కూడా దెబ్బతింది. హైదరాబాదు ఛానళ్ళు గంటలు గంటలు చూపించాయి, కరెంటు లేని విశాఖ మాత్రం చూడలేకపోయింది. కర్నూలులో జరిగిందే అక్కడా జరిగింది, ఐదేళ్ళ తర్వాత, ఇంకా పెద్ద నగరంలో.

వినేవాడి చేతిలో ఏముంది అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. న్యూ ఆర్లీన్స్ మనిషికి బ్యాటరీ టీవీ, ఒక చిన్న యాంటెన్నా ఉంటే గాల్లోంచే బొమ్మ వచ్చేది. మనకూ ఒకప్పుడు మిద్దెల మీద చేప ముల్లు ఆకారంలో యాంటెన్నాలు ఉండేవి. 2021-22 నాటికి దూరదర్శన్ తన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నిచోట్లా ఆపేసింది. ఖర్చు లెక్కలో అది సబబే కావచ్చు, విపత్తు లెక్కలో మాత్రం ఒక దారి మూసుకుపోయింది. కేబుల్ సంగతి ఇంకా నాజూకు. మేం సినిమా ఆపిన రోజుల్లో మా గదిలోని మాడ్యులేటర్ నుంచి ఊరంతటికీ నేరుగా బొమ్మ పోయేది. డిజిటల్ వచ్చాక లోకల్ ఛానల్ కూడా ఎక్కడో దూరాన ఉన్న హెడ్ఎండ్ అనే పెద్ద పంపిణీ కేంద్రానికి వెళ్ళి, లాక్ వేసుకుని, సెట్‌టాప్ బాక్సుకు తిరిగి రావాలి. మధ్యలో ఒక ఫైబర్ తెగితే పక్క వీధి వార్త పక్క వీధికి చేరదు. పైగా ఆ ఫైబర్ వెళ్ళేది ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే. స్తంభం ఒరిగితే దీపమూ వార్తా ఒకేసారి పోతాయి.

ఫోను ఉంది కదా అంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు డ్రోన్లతో అన్నం అందించగలిగాం. కరెంటు లేని ఇంట్లో ఫోను ఎన్నాళ్ళు బతుకుతుందో మాత్రం ఆ వీధుల వాళ్ళను అడగాలి. బ్యాటరీ రేడియో ఒక్కటే అలాంటి రోజున నమ్మకంగా పలుకుతుంది. కడప ఆకాశవాణి మీడియం వేవ్ మీద 900 కిలోహెర్ట్జ్‌లో వస్తుంది. సీమలో ఎంతమంది ఇళ్ళలో దాన్ని పట్టే పెట్టె ఇంకా ఉందో తలచుకుంటే నాకు దిగులేస్తుంది. అన్నీ తెగిపోయిన చోట హామ్ రేడియో, అంటే అమెచ్యూర్ రేడియో, పలికింది. 2004 డిసెంబరు సునామీ నాడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందంతో అండమాన్‌లో ఉన్న భారతి ప్రసాద్, పోర్ట్‌బ్లెయిర్ నుంచి తన సెట్టుతో బయటి ప్రపంచానికి కబుర్లు అందించారు. ఒక మనిషి, ఒక సెట్టు, ఒక బ్యాటరీ.

ఇదంతా కోస్తా బెడద, సీమకెందుకు అనుకునే వాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. కడప జిల్లాలో పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగి, కింద చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి ఊళ్ళ మీదికి తెల్లవారుతూనే నీళ్ళు వచ్చాయి. పై కట్ట తెగడానికీ కింది కట్ట తెగడానికీ మధ్య కొన్ని గంటల సమయం ఉంది. ఆ గంటలు ఎవరివి? మాట చేరి ఉంటే అవి ఆ ఊళ్ళవే. ఈ వాక్యం రాస్తుంటే నాకు కోపం వస్తోంది, దాన్ని దాచుకోను.

అందుకే నేను డోన్ పేరు చెబుతున్నాను. మాకు పెద్ద నది లేదు. కర్నూలు కంటే బాగా ఎత్తున ఉన్నాం, దూరం యాభై కిలోమీటర్లకు కాస్త పైన. 44వ నంబరు హైవే మీద ఉన్నాం. రైలు కర్నూలు, నంద్యాల, గుంతకల్లు వైపులకు మా జంక్షన్ నుంచే చీలుతుంది. తాగునీటికి ఎదురుచూసే ఊరు ఇది, ఆ పొడి నేలే ఈ పనికి అర్హత. కర్నూలుకు బాటన్ రూజ్ కాగల ఊరు ఏదైనా ఉందంటే అది డోన్.

కావలసినవి పెద్దవేం కావు. మిద్దె మీద ఒక డిష్, కింద మూడు రోజులకు సరిపడా డీజిలుతో జనరేటర్, హెడ్ఎండ్‌తో పనిలేకుండా గాల్లోకి మాట పంపడానికి అత్యవసర అనుమతితో కర్నూలు దాకా అందే ఒక ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్, లైసెన్సున్న ఒక హామ్ ఆపరేటర్, కాగితం మీద రాసిన ఫోన్ నంబర్లు. కర్నూలు వీధులన్నీ కంఠతా వచ్చిన ఒక మనిషి తప్పనిసరి. మునిగిన ఊరికి "పాతబస్తీలో నీళ్ళు తగ్గుతున్నాయి" అని చెబితే చాలదు, ఏ సందులో అన్నది చెప్పాలి. హైదరాబాదు యాంకరుకు అది చేతకాదు, అది అతని తప్పూ కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక డోన్ నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది కాబట్టి రెండు కలెక్టరేట్ల సంతకాలు కావాలి. పెట్టించవచ్చు.

ఏటా జూన్‌లో, తొలకరికి ముందే, ఒక సాయంత్రం కర్నూలు లోకల్ ఛానల్‌ను పూర్తిగా డోన్ గదిలోంచి నడపాలి. విపత్తు నాటకం వేయనక్కర్లేదు, ఆ రోజు కర్నూలు యార్డులో ఉల్లి ధర ఎంతో చెబితే చాలు. అవే ధరలు ఎఫ్ఎంలోనూ చదవాలి. తర్వాత వార్డు వార్డుకూ ఫోన్ చేసి బొమ్మ వచ్చిందా, మాట వినిపించిందా అని అడగాలి. రాలేదన్న వీధుల పేర్లు రాసుకుని, మర్నాడు పొద్దున్నే లైన్‌మన్‌ను అక్కడికి పంపాలి.