ప్రసూతిసెలవు – పునరాగమనము

కావ్యమును విమర్శించుటకును, నాటకమును విమర్శించుటకును మన పత్రికలలో చోటు కలదు. మన యింటి యాడుబిడ్డల బ్రదుకును నడుపు శాసనవాక్యమును విమర్శించుట మాత్రము న్యాయవాదుల పనియని విడిచిపెట్టుచున్నాము. ఇది తగదు. శాసనమును వాక్యములతో కట్టిన కట్టడమే. వాక్యములో నొక మాట కొఱవడినచో ఆ కొఱత ఎవరిదో యొకరి సంసారమున కనబడును. అట్టి యొక్క వాక్యమునే ఈ వ్యాసమున పరిశీలింపదలచితిని.

ఆ వాక్యము 1961వ సంవత్సరపు ప్రసూతి ప్రయోజనముల శాసనమున 12వ విభాగములోనిది. ప్రసూతికై స్త్రీ పనికి రాని కాలమున గాని, ఆ రాకపోవుట కారణముగా గాని యజమాని యామెను తొలగించుటయు, ఆమె యుద్యోగనిబంధనలను ఆమెకు నష్టము కలుగునట్లు మార్చుటయు శాసనవిరుద్ధమని దాని భావము. 2025 నవంబరు 21వ తేదీని అమలులోనికి వచ్చిన 2020 సామాజిక భద్రతాసంహిత ఆ పాత శాసనపు స్థానమును గ్రహించినను, ఈ వాక్యమును ఇంచుమించుగా అట్లే నిలుపుకొన్నది. కావున మన విమర్శ గతించినదానిపై కాదు.

దోషము చెప్పుటకు ముందు గుణము చెప్పుట విమర్శకుని ధర్మము. 1919లో వాషింగ్టను నగరమున కూడిన అంతర్జాతీయ కార్మికసభ ప్రసవమునకు ముందు వెనుకల విశ్రాంతి స్త్రీ కార్మికుల హక్కని యొడంబడిక వ్రాసినది. మన దేశమున 1929లో బొంబాయి రాజధాని ప్రసూతిశాసనమును చేసినది. 1934లో మదరాసు శాసనసభయు కర్మాగారములలోని స్త్రీలకు అట్టి శాసనమునే చేసినది. నాడు ఉత్తరాంధ్రమంతయు ఆ రాజధానిలోనిదే. 1961 శాసనము 12 వారముల వేతనముతోడి సెలవు నిచ్చినది. 2017లో అది 26 వారములైనది. ఇద్దఱు బిడ్డలు సజీవులై యున్న తల్లికి మాత్రము తరువాతి కాన్పునకు 12 వారములే. మన అమ్మమ్మలకు లేని యీ రక్షణ మన కూతుండ్రకు కలిగినది. ఇది సామాన్యమైన లాభము కాదు.

ఇక దోషము. పై వాక్యమంతయు 'రాకపోవుట' అను నొక్క మాటను చుట్టి తిరుగుచున్నది. స్త్రీ రానినాళ్లలో ఆమెకేమి చేయరాదో చెప్పినది. ఆమె వచ్చిననాడు ఏమి చేయవలయునో చెప్పలేదు. 2000వ సంవత్సరమున అంతర్జాతీయ కార్మికసభ చేసిన 183వ యొడంబడిక యీ మాటను స్పష్టముగా పలికినది: సెలవు ముగిసినపిమ్మట తల్లి తన పూర్వస్థానమునకు గాని, అంతే వేతనముగల సమానస్థానమునకు గాని తిరిగివచ్చు హక్కు కలిగియున్నదని. మన దేశము ఆ యొడంబడికను ఇంకను అంగీకరింపలేదు. మన శాసనమున ఆ మాట లేదు.

తెలుగున 'సెలవు' అను మాటకు మూడర్థములు కలవు. పెద్దల యాజ్ఞ సెలవు. పనినుండి విరామము సెలవు. వీడ్కోలును సెలవే. ప్రసూతికి పోవు ఉద్యోగిని రెండవ యర్థమున సెలవు కోరును. కార్యాలయము మొదటి యర్థమున దానిని దయచేయును, అనగా తన యనుగ్రహముగా నెంచును. ఆమె తిరిగివచ్చునప్పటికి మూడవ యర్థమే నడచియుండును. వీడ్కోలిచ్చినవారు ఆమె పనిని నలుగురికిని పంచియుందురు. పురిటిమంచము విశ్రాంతిస్థలము కాదని ప్రతి తల్లియు ఎఱుగును. అయినను ఆఱు నెలలు హాయిగా కూర్చుండి వచ్చినదను మాట ఆమె వెనుక వినవచ్చుచునే యుండును.

ఈ విషయము స్ఫుటమగుటకై కొత్తవలసనుండి పనికి పోవు నొక యుద్యోగినిని ఊహింతము. కొత్తవలస విజయనగరము జిల్లాలోని యూరు. చెన్నై హౌరాల నడుమ పెద్ద రైలుమార్గమునుండి కిరండోల్ మార్గము విడిపోవు జంక్షను. విశాఖపట్టణమునకు చేరువ. ఉదయపు రైలుకో బస్సుకో పరుగెత్తి, నగరమునందలి ఆసుపత్రులలోను, బడులలోను, దుకాణములలోను పనిచేసి, చీకటిపడి యిల్లు చేరు స్త్రీలు ఆ ప్రాంతమున కలరు. మన యుద్యోగిని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లెక్కలు చూచు గుమస్తాయనుకొందము. ఎనిమిదేండ్లుగా మందుల కొనుగోలు లెక్కయంతయు ఆమె చేతిమీదుగా నడచినది.

ఆమె కాన్పు ముగించుకొని, బిడ్డను అత్తగారికప్పగించి, గడువునాటికే పనిలో చేరినది. ఆమె కుర్చీలో మఱియొకరు కూర్చుండియున్నారు. పై యధికారి ఎంతో మృదువుగా, “చంటిపిల్ల తల్లివి, నీకెందుకమ్మా ఆ బరువు? కొన్నాళ్లు చీటీలు వ్రాయుచుండుము” అనును. జీతము తగ్గలేదు. ఉత్తరువు లేదు. కొనుగోలు లెక్క మాత్రము ఆమెకు తిరిగి రాలేదు. సంవత్సరాంతమున పని మదింపు చేయునప్పుడు, “నీవు సగము సంవత్సరము లేవు గదా, ఏమి చూచి వ్రాయుదును?” అందురు. జీతపు పెంపు ఇతరులకు వచ్చును, ఆమెకు రాదు. మఱుసటి యేట పైస్థానము ఖాళీయైనప్పుడు, కొనుగోలు లెక్క తెలిసినవారు కావలెననియు, ఇటీవల ఆ పని చేసినవారు వేఱొకరనియు కారణము చూపుదురు. ఈ వరుసలో ఏ యొక్క మెట్టునందును క్రూరుడు కనబడడు. మెట్లన్నియు దిగినపిమ్మట ఆమె ఎక్కడనున్నదో చూచిన తెలియును.

ఈ మృదువైన యన్యాయమును మన వాక్యము పట్టగలదా? “నష్టము కలుగునట్లు నిబంధనలను మార్చుట” అను మాటలు కలవు గదా యని న్యాయవాది యనవచ్చును. కాని లెక్క చూచుట నిబంధన యగునా, చీటీలు వ్రాయుట నష్టమగునా, ఆ మార్పు ఆమె రాకపోవుటవలననే కలిగినదా యని మూడు వివాదములు వెంటనే లేచును. పాత శాసనములో అప్పీలునకు 60 దినముల గడువిచ్చిరి. ఆ గడువు ఉత్తరువు అందిన తేదీనుండి లెక్కింపవలయును. ఉత్తరువే లేనివారికి గడువు ఏనాడు మొదలగును?

ఉత్తరువున్నచోట న్యాయస్థానము కన్నులు తెఱచిన నిదర్శనము కలదు. జీవితబీమా సంస్థలో కొత్తగా చేరిన నీరా మాథుర్ అను నామె 1990 జనవరిలో ప్రసవించినది. సెలవులో నుండగనే ఫిబ్రవరి 13వ తేదీని ఆమెను పనినుండి తొలగించిరి. నియామకపత్రములతోపాటు స్త్రీల ఋతుక్రమమును, గర్భములను గూర్చి యడిగిన ప్రశ్నలకు ఆమె సరిగా జవాబు వ్రాయలేదనుట సంస్థ వాదము. 1991 అక్టోబరు 31న సుప్రీముకోర్టు ఆమెను తిరిగి పనిలో చేర్చుకొనుమనియు, మర్యాదకు భంగకరములగు ఆ ప్రశ్నలను తీసివేయుమనియు చెప్పినది. 2000 మార్చి 8న అదే న్యాయస్థానము ఢిల్లీ నగరపాలక సంస్థలో దినకూలికి పనిచేయు స్త్రీలకును ప్రసూతిప్రయోజనములు చెల్లునని తీర్పిచ్చినది. ఈ వ్యాజ్యములలో తొలగింపో నిరాకరణమో స్పష్టముగా నుండినది, కావున తీర్పు సాధ్యమైనది. మన కొత్తవలస యుద్యోగిని చేతిలో చూపుటకు కాగితము లేదు.

పాలిచ్చు విరామముల సంగతియు ఇట్టిదే. బిడ్డకు 15 నెలలు వచ్చువఱకు దినమునకు రెండు విరామములను శాసన మిచ్చినది. తల్లి విశాఖపట్టణమున, బిడ్డ కొత్తవలసలో ఉన్నప్పుడు ఆ విరామమున ఏ రైలు పోయి రాగలదు? 50 మందికి తక్కువ గాక పనివారున్న చోట శిశుసంరక్షణశాల యుండవలెనన్నారు. చిన్న ఆసుపత్రికి, చిన్న బడికి ఆ విధి లేదు. హక్కు పుస్తకమున నున్నది, పాలు తల్లి రొమ్ముననే గడ్డకట్టుచున్నవి.

యజమానుల పక్షమును వినవలయును. బీమాపథకము వర్తింపనిచోట 26 వారముల వేతనము వారొక్కరే భరింపవలెను, ఆ కాలమున మఱియొకరిని పెట్టుకొనవలెను. చిన్న సంస్థకు ఇది నిజమైన భారమే. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లును సమర్థించుచు అంబేడ్కరు, ఈ భారములో పెద్దపాలు ప్రభుత్వము వహింపవలసినదని యొప్పుకొని, అది లేదను కారణముచే తల్లికి మేలు ఆపరాదని వాదించెను. బిడ్డ దేశమునకంతకును బిడ్డయైనప్పుడు వ్యయమును ఉమ్మడినిధి పంచుకొనుట న్యాయము. ఆమె లేనప్పుడు పని మోసిన తోటివారి కష్టమును గూడ కాదనరాదు. కాని వారి ఫిర్యాదు తోడుమనిషిని పెట్టని నిర్వాహకులపై నుండవలెను, తల్లిపై కాదు.

ఇక మన యిండ్లమాట. తొలికాన్పు పుట్టినింట జరిగినపిమ్మట బాలింతరాలు బిడ్డతో అత్తింటికి వచ్చునప్పుడు గుమ్మమున నిలిపి దిష్టితీసి, ఎఱ్ఱనీళ్లు పాఱబోసి లోనికి తీసికొనిపోవుదుము. ఆమె స్థానము తఱుగలేదనియు, పెరిగినదనియు ఆ యాచారము చాటుచున్నది. అట్టి మనమే ఆమె పనికి బయలుదేరు దినమున, “ఇంకను ఈ యుద్యోగమేల?” అందుము. రాత్రి బిడ్డ యేడ్చిన భర్త లేవడు. జ్వరము వచ్చిన సెలవుపెట్టవలసినది తల్లియే. బిడ్డగల స్త్రీ సగము పనిమనిషియను అభిప్రాయమును అధికారి కార్యాలయమున కనిపెట్టలేదు. తన యింటనే నేర్చుకొని వచ్చినాడు.

కావున శాసనమునకు ఒక వాక్యము చేర్చవలెను: సెలవు ముగిసిన స్త్రీ తన పూర్వస్థానమునకే, అది లేనిచో అంతటి బాధ్యతయు అంతటి వేతనముగల స్థానమునకే రావలయునని. మదింపునందు ఆమె పనిచేసిన నెలలనే లెక్కింపవలయును. స్థానము మార్చినచో ఆ మార్పు ఆమె సెలవువలన కాలేదని నిరూపించు భారము యజమానిపై నుండవలెను.

శాసనము మాఱువఱకు వేచియుండనక్కఱలేదు. మన చదువరులలో బడుల నిర్వాహకసంఘములలోనివారు, ఆసుపత్రుల యజమానులు, కార్యాలయముల పెద్దలు కలరు. ప్రసూతిసెలవు మంజూరుచేయు కాగితముపై తిరిగి చేరు తేదీని వ్రాయుట వారికి వాడుకయే. ఆ తేదీ క్రింద, ఆమె తిరిగి చేపట్టు పని ఏదో ఒక్క పంక్తిలో వ్రాసి సంతకము చేసి, ఒక ప్రతిని ఆమె చేతికిచ్చి పంపుడు. దానికి ఖర్చు లేదు. ఆ పంక్తి యుండినయెడల మనము పైన ఊహించిన యుద్యోగిని చేతిలో చూపుటకొక కాగితముండెడిది.