నెల జీతంలో గంటలెన్ని?

పసిబిడ్డకు నీళ్లు పోసే ఆవిడతో బేరమాడిన ఇంటిని నేనింతవరకు చూడలేదు. పొద్దున్నే వస్తుంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె రాసి, సున్నిపిండితో నలిచి, నీళ్లు పోసి, ముక్కు సాగదీసి, సాంబ్రాణి పొగ పట్టి, మెత్తటి పాత పంచెలో చుట్టి తల్లి చేతికిస్తుంది. ముక్కు సాగదీయడం దండగని పిల్లల డాక్టర్లు ఎంత మొత్తుకున్నా ఆవిడ వినదు, ఇంట్లో పెద్దవాళ్లూ వినరు. ముప్పావుగంటలో పని ముగుస్తుంది. ఇంకో వీధిలో ఇంకో బిడ్డ కాచుకుని ఉంటుంది. పూటకింతని ముందే చెబుతుంది, ఆఖర్న చీర, బియ్యం, పసుపు కుంకుమ వేరే. "కాస్త తగ్గించుకోవమ్మా" అనే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆ పని తమకు చేతకాదని అందరికీ తెలుసు మరి.

అదే బిడ్డకు ఆర్నెల్లు నిండి, తల్లి ఆఫీసుకు తిరిగి వెళ్లే రోజు దగ్గరపడగానే ధోరణి మారిపోతుంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించిన పుణ్యాన మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో సెలవు వస్తోంది. ఇరవయ్యేడో వారం సంగతి ఎవరింట్లో వాళ్లు చూసుకోవాలి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసే క్రెష్ ఉండాలని ఆ చట్టమే చెప్పింది. చెప్పింది గానీ, కొండాపూర్ ట్రాఫిక్‌లో ఆర్నెల్ల బిడ్డను రోజూ ఆఫీసుకు మోసుకెళ్లే తల్లి ఎక్కడుంది? అమ్మమ్మో నాయనమ్మో వస్తే సరి, వాళ్లకు మోకాళ్ల నొప్పులైతే ఆయా. అప్పుడు మొదలవుతుంది బేరం. "బిడ్డను చూసుకోవడమేగా! సగం రోజు నిద్రేగా!" అంటారు. నీళ్లు పోస్తే పనితనం, పన్నెండు గంటలు కనిపెట్టుకుని ఉంటే మాత్రం ఊరికే కూర్చోవడం!

మా అపార్ట్‌మెంట్ సంఘంలో పద్దులు చూస్తానన్న పాపానికి ఇలాంటి పంచాయితీలు నా దాకా వస్తుంటాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. పక్క బ్లాకులో ఎంతిస్తున్నారు? పక్క బ్లాకువాళ్లను అడిగితే, ఆ పక్క బ్లాకులో ఎంతిస్తున్నారో కనుక్కుని ఇస్తున్నామంటారు. ఆ వరసలో చివరి దాకా వెళ్లినా, కాగితం మీద కూడి చూసుకున్నవాళ్లు ఒక్కరూ తగలరు.

ఈమధ్య మా కింది అంతస్తు అమ్మాయి ఏజెన్సీవాళ్లు చెప్పిన రేటు పట్టుకొచ్చింది. నెలకు 18 వేలు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, నెలకు రెండు సెలవులు. కమీషన్ వేరే. ఇద్దరం కాగితం ముందేసుకున్నాం. 28 రోజులు, పన్నెండేసి గంటలు, వెరసి 336 గంటలు. గంటకు 54 రూపాయలు కూడా పడలేదు.

"అదేంటాంటీ, 18 వేలంటే బాగానే ఉందనుకున్నా!"

నెలకింత అన్నప్పుడు ఎంతైనా పెద్దగానే వినబడుతుంది. నెలజీతమంటే మనకు అంత ఇష్టం అందుకే. గంటలన్నీ అందులో కలిసిపోయి పైకి కనబడవు. ఆయా ఒకరోజు నాగా పెడితే మాత్రం నెలను 30తో భాగించి ఠక్కున కోత కోయడం అందరికీ వచ్చు. ఆదివారం రమ్మన్నప్పుడు, ఎనిమిదింటికి రావలసిన మనం తొమ్మిదింటికి వచ్చినప్పుడు ఆ భాగహారం ఎటు పోతుందో!

ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే చేర్చారు. ఆ ముక్క తెలిసిన ఇల్లు మా బ్లాకుల్లో ఒక్కటీ లేదు. సరే, దాన్ని పక్కనపెట్టి ఫ్యాక్టరీ లెక్కే చూద్దాం. ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటలు దాటితే పైన చేసిన ప్రతి గంటకూ రెట్టింపు కట్టాలి. రోజుకు ఎనిమిది గంటలకు 18 వేలు న్యాయమనుకుందాం. పన్నెండు గంటలైతే, ఆదివారాలు వదిలేసి చూసినా, వారానికి 24 గంటలు అదనం. వాటిని రెట్టింపు చేస్తే మరో 48. అంటే నెలకు 36 వేలు.

ఆ అంకె చూసి అమ్మాయి కళ్లు తేలేసింది. నిజమే, ఇవ్వలేరు. ఇంటి ఈఎంఐ ఉంది, కారు ఈఎంఐ ఉంది. కానీ 36 వేలు ఇవ్వలేనివాళ్లు పన్నెండు గంటలు అడగకూడదన్నది నా పట్టు. కోయాల్సింది గంటల్ని గానీ గంట రేటును కాదు. ఈ మాట అనేటప్పుడు బిడ్డ తండ్రి వైపు చూడటం నాకు అలవాటు. ఏ ఇంట్లోనైనా ఇంకా కోత పడని గంటలు మిగిలేది ఆయన దగ్గరే.

ఆయా పనికి మాట్లాడటానికొచ్చినావిడది రాజోలు వైపు. కొన్నేళ్లు కువైట్‌లో చేసి వచ్చింది. ఇప్పుడు హఫీజ్‌పేటలో గది తీసుకుని ఉంటోంది. సోఫా అంచున కూర్చుని, ఇచ్చిన కాఫీ ముట్టకుండా ముందు పని సంగతి మాట్లాడింది.

"గిన్నెలు, బట్టలు నా పని కాదండి. పాప గిన్నెలు, పాప బట్టలైతే నేనే చేసుకుంటానండి. ఇంకోటండి, వారానికోరోజు సెలవు కావాలండి."

"నెలకి రెండని చెప్పారుగా ఏజెన్సీవాళ్లు?"

"కువైట్లోనే వారానికోటని కాగితంలో ఉందండి. మా మామా, అదేనండి ఆ ఇంటావిడ, ఇచ్చేది కాదనుకోండి, అది వేరే సంగతి. రాసైతే ఉంది కదండీ."

ఆవిడ చెప్పింది నిజం. ఇంటిపనివాళ్ల కోసం కువైట్ 2015లో ఒక చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించకూడదు, వారానికో రోజు జీతంతో సెలవు, మానేసి వెళ్లేటప్పుడు చేసిన ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. ఆ మరుసటి ఏడాది 60 దినార్ల కనీస వేతనం పెట్టారు. అమలు ఎలా ఉంటుందన్నది కోనసీమ, కడప ఆడవాళ్లు మనకంటే బాగా చెబుతారు. ఒప్పుకుంటాను. కానీ రాసి ఉంటే అడగడానికి నోరు లేస్తుంది. మన దేశంలో ఇంటిపనివాళ్లకంటూ విడిగా ఒక జాతీయ చట్టమే లేదు. ఆ సంగతి చూడటానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది.

మీ పిల్లల సంగతేమిటని అడిగాను.

"పెద్దది మా అమ్మ దగ్గరండి, ఊళ్లో. టెన్తు. చిన్నోడు ఇక్కడే నా దగ్గర. బడి నుంచి నాలుగింటికొస్తాడండి. నేనొచ్చేదాకా పక్కగది ఆవిడ చూస్తాది. నెలకి రెండేలిస్తానండి."

నా చేతిలో పెన్ను ఇంకా అలాగే ఉంది. ఎనిమిదింటికి ఇక్కడ వదిలితే షేర్ ఆటోలో ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. రోజుకు నాలుగున్నర గంటలు, 26 రోజులు. ఆ పక్కగది ఆవిడకు గంటకు 17 రూపాయలు పడుతోంది. కాగితం ఆవిడకే చూపించాను. "తక్కువేనండి. నాకు పెరిగితే ఆవిడకీ పెంచుతానండి" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

కనీస వేతనం ఎలా కట్టాలన్నదానికి మన దేశంలో పాత కొలత ఒకటుంది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సమావేశం ఇచ్చింది. సంపాదించే మగవాడికి ఒక పాలు, భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు 0.6 చొప్పున, మొత్తం మూడు పాళ్లు. పాలుకు రోజుకు 2,700 కేలరీల తిండి, ఇంటిల్లిపాదికీ ఏడాదికి 72 గజాల బట్ట, అద్దె, వంటచెరకు, దీపం. పిల్లల చదువు, వైద్యం, ముసలితనం లాంటివాటికి ఇంకో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. దయగల కొలతే. కాకపోతే అందులో భార్య ఇంట్లోనే ఉంటుంది, పిల్లల్ని ఆవిడే చూసుకుంటుంది, దానికి పైసా ఖర్చు లేదు. పరాయి బిడ్డను చూడటానికి గడప దాటిన తల్లి, తన బిడ్డను చూసినవాళ్లకు ఇచ్చే రెండు వేలు అందులో ఏ పద్దులోకీ రావు. ఆయా జీతం మాట్లాడేటప్పుడు నేను మొదట అడిగేది అందుకే ఆ రెండు వేల సంగతి. ఆవిడ మన గడపలో అడుగుపెట్టడానికి ముందే అయిపోయిన ఖర్చది. ఆటో చార్జీ కూడా అంతే.

24 గంటల ఆయాల సంగతి తలుచుకుంటే నాకు చిరాకే వస్తుంది. తిండీ వసతీ మనదేగా అని రేటు తగ్గిస్తారు. ఆవిడ మన ఇంట్లో పడుకుంటున్నది మన బిడ్డ రాత్రి రెండింటికి లేస్తుంది కాబట్టి. ఊళ్లో ఆవిడ ఇంటి అద్దె ఆగలేదు. పిల్ల గదిలో చాప వేయించి, అది సౌకర్యమని పేరుపెట్టి, జీతంలో మినహాయించడం ఏ న్యాయమో!

అప్పుడప్పుడూ ఒక పూట చూసిపెట్టడం వేరే లెక్క. శంషాబాద్ దారిలో ఎక్కడో రిసెప్షన్ ఉంటుంది. ఆ డీజే హోరులోకి పసిబిడ్డను తీసుకెళ్లలేక, పై అంతస్తులో డిగ్రీ చదివే అమ్మాయిని కూర్చోమంటారు. తిరిగొచ్చేసరికి పదకొండున్నర. ఆ పిల్ల చేతిలో 200 రూపాయలు, ఒక బిర్యానీ పొట్లం పెడతారు. "మన పిల్లే కదా" అని కూడా అంటారు. మన పిల్ల అయితే మర్నాటి పరీక్ష సంగతి అడిగి ఉండేవాళ్లం.

ఇల్లు నెలకు తీసుకుంటే ఒక అద్దె, లాడ్జిలో గది ఒక్కరోజుకు తీసుకుంటే ఇంకో అద్దె. ఎవరూ కాదనరు. మనిషి సమయం దగ్గరికొచ్చేసరికి తిరగేసి, ఒక్క పూటే కదా అని తగ్గిస్తాం. రోజూ వచ్చే ఆయాకు గంటకు 90 పడితే, ఒక పూటకొచ్చే మనిషికి 150కి తగ్గకూడదని నేనంటాను. గంటే ఉన్నా మూడు గంటలు కట్టాలి. పది దాటితే రేటు పెరగాలి, ఇంటి దగ్గర దిగబెట్టి రావాలి. సాయంత్రం ఐదింటికి ఫోన్ చేసి ప్రయాణం మానుకున్నామంటే సగమైనా ఇవ్వాలి. బిడ్డ పడుకున్నాక టీవీ చూసింది కదా అంటారు కొందరు. చూడనివ్వండి. పక్కన మనిషి ఉందన్న ధీమాతోనే కదా అక్కడ మనం రెండోసారి ఐస్‌క్రీం తెచ్చుకున్నది.

అమెరికా 1974లో కనీస వేతన చట్టాన్ని ఇంటిపనివాళ్లకు వర్తింపజేస్తూ, అడపాదడపా పిల్లల్ని చూసేవాళ్లను మాత్రం బయట ఉంచింది. అంతమాత్రాన అక్కడి హైస్కూలు పిల్లలు ఊరికే కూర్చోరు. గంటకింతని ముందే చెబుతారు. 2009 నుంచి కదలకుండా ఉన్న 7.25 డాలర్ల ఫెడరల్ కనీస వేతనానికి చాలా ఊళ్లలో రెట్టింపు అడుగుతారు. డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న మనవాళ్లు ఆ రేటు విని బెదిరి, అమ్మకు ఆర్నెల్లు, అత్తగారికి ఆర్నెల్లు టిక్కెట్లు తీస్తారు. విజిటర్ వీసా మీద వెళ్తే ఒక విడతకు మామూలుగా ఉండనిచ్చేది ఆర్నెల్లే. ఇక్కడైనా అక్కడైనా ఆయా రేటును కిందికి లాగుతున్నది పక్క బ్లాకువాళ్లు కాదు, పైసా తీసుకోకుండా చేసే అమ్మమ్మ. ఆవిడ చేస్తున్నంతకాలం ఇది ఖరీదైన పనంటే ఎవరూ నమ్మరు. అమ్మమ్మలకు గంట రేటు కట్టమనడం లేదులెండి. కట్టినా తీసుకోరు, పోతూ పోతూ మనవడి గుప్పిట్లో ఒక నోటు పెట్టి మరీ పోతారు.

కింది అంతస్తులో బేరం చివరికి ఇలా తెగింది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా, ఆదివారం సెలవు, 24 వేలు. గంటకు 92 రూపాయలు పడింది. ఏడింటికల్లా తండ్రి ఇంట్లో ఉంటాడు. ఫ్యాక్టరీ లెక్కన చూస్తే 27 వేలు కావాలి కాబట్టి ఇంకా మూడు వేలు తక్కువేనని వాళ్ల ముందే చెప్పాను. ఏడాది తిరిగేసరికి ఆ మూడు వేలు కలుపుతామన్నారు. ఏడు దాటితే ప్రతి అరగంటకూ 75 రూపాయలు. దసరాకు పెట్టే చీర జీతంలోకి రాదు. మేం ఊరెళ్తున్నాం రావద్దన్న రోజులకు కోత లేదు. ఇవన్నీ నోటుపుస్తకంలో ఒక పేజీ మీద రాసుకుని, పేజీ ఫొటో తీసి రాజోలు ఆవిడ ఫోన్‌కు పంపారు.

ఆవిడ ఫొటో పెద్దది చేసి, వేలితో ఒక్కో వరసా చదువుకుంది. "ఇంకోటి రాయండమ్మా. పాప బడికెళ్లాక పని తగ్గింది కదా అని సగం జీతమంటారండి. కిందటింట్లో అలాగే అయ్యిందండి. ఆ బడి సంగతి కూడా రాసేయండి."

పాపకింకా పళ్లు రాలేదు. మొగుడూ పెళ్లాం మొహాలు చూసుకున్నారు. కాసేపు అటూ ఇటూ మాట్లాడుకుని, గంటలు తగ్గించాలంటే రెండు నెలల ముందు చెప్పాలని, ఎన్ని గంటలు తగ్గినా గంట రేటు తగ్గకూడదని ఆ పేజీలో అడుగున రాశారు. కాఫీ చల్లారిపోయిందని అమ్మాయి మళ్లీ కలపబోతే, ఆవిడ "వద్దండి, మా ఆటో టైమయ్యింది" అని లేచింది.