ఒగ్గుకథ: జంటగొంతు, దరువు

జనగామ ప్రాంతపు ఒగ్గుకథకు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చిన చుక్క సత్తయ్య (1935–2017) స్వస్థలం మాణిక్యపురం. ఈ కళారూపానికి ప్రాణం జంటగొంతు. ప్రధాన కథకుని మాటకు వంతగాడు ఆశ్చర్యపడతాడు, ప్రశ్నిస్తాడు, ఎకసెక్కమాడతాడు. మాట ఆగినచోట డోలు, తాళాలు చిన్న దరువును అందుకొంటాయి. సినిమా యుగళగీతంలో పల్లవికీ చరణానికీ నడుమ వచ్చే వాద్యఖండిక ముందే కొలిచిపెట్టినది. ఇక్కడి దరువు నిడివి మాత్రం కథకుని ఊపిరినిబట్టి, సభ స్పందననుబట్టి మారుతుంది.

ఇటీవల అధికారిక వేడుకలలో ఒగ్గుడోలు విన్యాసం కథనుండి విడివడి స్వతంత్ర ప్రదర్శనగా నిలిచింది. డోళ్లన్నీ ఒక్కటై మోగడం కనువిందే. కళాకారులకు అది జీవనాధారం కూడా. అయితే బదులిచ్చే గొంతు లేని దరువు వేగాన్నే ఆశ్రయిస్తున్నది. మల్లన్న కథలో అదే డోలు ఎక్కడ తగ్గాలో తెలిసి తగ్గుతుంది.