ఇంటిపన్నులో అడవి వాటా

సిడ్నీకి ఉత్తరాన ఉన్న కూరింగై కౌన్సిల్ పరిధిలో సొంతిల్లు ఉన్నవాళ్లు మామూలు పన్నుతో పాటు పర్యావరణ లెవీ కూడా కడతారు. మన దగ్గర ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు కదా, దాదాపు అలాంటిదే. కాకపోతే మన సెస్సు పురపాలికల దగ్గరే ఆగిపోయి, గ్రంథాలయ సంస్థలకు బకాయిలు పేరుకుపోయాయన్న వార్తలు తరచూ చదువుతుంటాం. కూరింగై సొమ్ము దారి తప్పకుండా ఎక్కడెక్కడ బిగించారో చూస్తే ముచ్చటేస్తుంది.

సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఈ పన్నుకు ఆధారం ఇల్లు కాదు, దాని కింది నేల. వాల్యూయర్ జనరల్ ఆ స్థలంలో కట్టడమేదీ లేనట్టే భావించి విలువ కడతారు. పైన మరో అంతస్తు లేపినంత మాత్రాన ఆ విలువ పెరగదు. ఊరంతటా భూముల ధరలు రెట్టింపైనా కౌన్సిల్ రాబడి రెట్టింపు కాదు. ఏడాదికి మొత్తం రాబడి ఎంతవరకు పెరగవచ్చో 1977 నుంచీ రాష్ట్రమే హద్దు పెడుతోంది. దాన్నే రేట్ పెగ్ అంటారు. ఆ మొత్తంలో ఎవరి వంతు ఎంతో తేల్చడానికే భూమి విలువ పనికొస్తుంది.

హద్దు దాటాలంటే ఇప్పుడు ఐపార్ట్ అనే స్వతంత్ర ట్రైబ్యునల్‌ను ఒప్పించాలి. డబ్బు ఎందుకు, జనానికి ముందే చెప్పారా, వాళ్లు భరించగలరా, మీ దుబారా ఎంత తగ్గించారు అని అది ఆరా తీస్తుంది. ఇక ఈ లెవీలా ప్రత్యేక రేటుగా వసూలైన డబ్బును అది దేనికోసం విధించారో దానికి తప్ప మరోదానికి వాడకూడదని 1993 నాటి స్థానిక పాలనా చట్టం చెబుతోంది. రోడ్ల గుంతలు ఎంత తొందరపెట్టినా ఆ పెట్టె తెరుచుకోదు.

2005లో మొదలైన కూరింగై లెవీ అయిదు శాతం, అదీ గడువు పెట్టి. ఇలాంటి పెంపు గడువు తీరితే అసలెప్పుడూ లేనట్టే కౌన్సిల్ రాబడి దిగిపోవాలి. 2019లో దాన్ని శాశ్వతం చేసినప్పుడు దరఖాస్తులో పెంపు 7.7 శాతం. వినడానికి గుండె గుభేల్‌మంటుంది. తీరా చూస్తే పాత అయిదు పోయి కొత్త అయిదు వచ్చింది, మిగిలిన 2.7 ఆ ఏడాది రేట్ పెగ్.

ఇంత బిగింపు ఎందుకో తెలియాలంటే ఆ డబ్బుతో అడవిలో జరిగే పని చూడాలి. ఇక్కడి బ్లూ గమ్ హై ఫారెస్ట్ అనే రకం అడవి పెరిగేది గట్ల మీది సారవంతమైన షేల్ నేలల్లో. ఇళ్లకూ ఆ గట్లే నచ్చాయి. అందుకే మునుపటి అడవిలో నూటికి అయిదు వంతులైనా మిగల్లేదు. మిగిలిన తునకల్లోకి పెరటి మొక్కలు చొరబడ్డాయి. వాటిలో ఆస్పరాగస్ ఫెర్న్ తీసే పద్ధతి చూడండి. దాని వేళ్లకు నీటి దుంపలు గుత్తులుగా ఉంటాయి. అవన్నీ తవ్వబోతే నేల గుల్లవుతుంది, కొత్త కలుపుకు చోటిచ్చినట్టవుతుంది. తెలిసినవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, కాడలు పుట్టే మొదలు చుట్టూ కత్తి తిప్పి ఆ ముద్దనొక్కదాన్నే పెకలిస్తారు. దుంపలు మళ్లీ చిగురించవు కాబట్టి వాటిని మట్టిలోనే వదిలేసి, కదిపిన ఆకుచెత్తను తిరిగి కప్పుతారు.

ఈ ఒడుపుకు దారి చూపింది సిడ్నీలోని మోస్‌మన్‌కు చెందిన అక్కచెల్లెళ్లు జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ. కలుపు దట్టంగా ఉన్నచోట మొదలుపెట్టొద్దని, అడవి బాగున్నచోటి నుంచి బయటికి జరగాలని వాళ్ల సూత్రం. స్థానిక మొలకలు లేచి నిలదొక్కుకునే వరకు అడుగు ముందుకు వేయకూడదు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఖర్చు చూపించాలని తరిమే గ్రాంటుతో ఈ పని సాగదు. ఏటా కొద్దికొద్దిగా, తప్పకుండా వచ్చే డబ్బు కావాలి. లెవీ సరిగ్గా అలాంటిది.

ఈ పన్ను పనితనంలో నాకు నచ్చని భాగం ఒకటుంది. ఎప్పుడో కొన్న ఇంట్లో పింఛనుతో బతికే ముసలివాళ్లకు నేల విలువైనదే, చేతిలో డబ్బే ఉండదు. చట్టప్రకారం వాళ్లకు దక్కే పన్ను రాయితీ ఏడాదికి గరిష్ఠంగా 250 డాలర్లు. పెగ్ ఏటా మారుతుంది, భూమి విలువలు మళ్లీ మళ్లీ సవరిస్తారు. ఈ అంకె మాత్రం 1993 చట్టంలో ఎలా ఉందో అలాగే ఉంది.