1234 కోట్ల హారం

జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో గుణకారం నేర్పే చోట ఒక లెక్క ఉంది: 27994681ని 441తో గుణించాలి. జవాబు 12345654321, అంటే 1234 కోట్ల 56 లక్షల 54 వేల 321. అంకెలు ఆరు దాకా ఎక్కి మళ్లీ ఒకటికి దిగుతాయి. ఇలాంటి జవాబులను ఆయన కంఠాభరణాలన్నాడు. అది 9వ శతాబ్దం, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలం. ఆ శతాబ్దం చివర, నొళంబ మహేంద్రుడి ఏలుబడిలో, తగడూరులో జైన బసది ఉండేదని శాసనం చెబుతోంది. ఆ తగడూరే నేటి తమిళనాడులోని మన ధర్మపురి. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఇక్కడి తెలుగు ఇళ్ల పిల్లలు బడిలో తమిళంలో లెక్కలు చేసినా ఈ ఆస్తి వాళ్లది కూడా. ఈ లెక్కను వినోదాల పేజీకి వదిలేయకుండా కాగితం మీద చేతితో చేయించాలని నా వాదన.

దీనికి గట్టి అభ్యంతరం గణితజ్ఞుడు హార్డీది. 8712, 9801 తమ తిరగేసిన రూపాలకు గుణిజాలు. తిరగేసినా మారనివీ, సున్నాతో ముగిసేవీ పక్కన పెడితే నాలుగంకెల సంఖ్యల్లో ఈ గుణం మరి దేనికీ లేదు. ఇలాంటివి పజిల్ శీర్షికలకు పనికొస్తాయే తప్ప గణితజ్ఞుడిని ఆకట్టుకునేదేమీ వాటిలో లేదని 1940లో ఆయన రాశాడు. అంకెల అందం పదితో లెక్కించే మన అలవాటుది, సంఖ్యది కాదని ఆ అభ్యంతరాన్ని నేను అర్థం చేసుకుంటాను. ఆ రెండు సంఖ్యల విషయంలో ఒప్పుకుంటాను. కానీ మన హారం 111111 వర్గం. నిలువు గుణకారం వేస్తే ఒకట్ల వరుసలు మెట్లుగా జరుగుతాయి, ఒక నిలువులో ఆరుకు మించి ఒకట్లు పడవు, పక్క స్థానానికి ఏదీ పోదు. కాబట్టి ఏడుతో లెక్కించే పద్ధతిలోనూ ఇదే హారం వస్తుంది. అక్కడ ఆ అంకెల విలువ 384473664, అంటే 19608 వర్గం. పదిని మార్చినా నిలిచిన అందాన్ని పదికి అంటగట్టలేం. ఇక 111111ను విడదీస్తే 3, 7, 11, 13, 37 వస్తాయి. 441లో ఉన్నది 3, 7ల వర్గం. మిగతా మూడింటి వర్గమే 27994681. ఆచార్యుడు ఇచ్చిన రెండు సంఖ్యలూ ఒకే హారం నుంచి తెంచిన ముక్కలని అప్పుడు తెలుస్తుంది.

ఈ విడదీత క్యాలిక్యులేటర్ క్షణంలో చేస్తుంది కదా అంటారు. జవాబు ఇస్తుంది, నిజమే. 111111ను ఏడు ఎందుకు భాగిస్తుందో చెప్పదు. 1, 11, 111 అంటూ వరుసగా ఏడుతో భాగిస్తూ పోతే శేషాలు 1, 4, 6, 5, 2, 0 వస్తాయి. ఏ సంఖ్యతో భాగించినా రాగల శేషాలు కొన్నే గనక ఎక్కడో ఒకటి మళ్లీ రాకతప్పదు. ఒకే శేషమున్న రెండింటిలో పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే ఒకట్లూ వాటి వెనక సున్నాలూ మిగులుతాయి. భాజకానికి 2తో, 5తో పొత్తు లేకపోతే సున్నాలు కొట్టేయవచ్చు. అలాంటి ప్రతి సంఖ్యా ఏదో ఒక ఒకట్ల వరుసను శేషం లేకుండా భాగిస్తుంది: 37కి మూడు ఒకట్లు చాలు, 41కి ఐదు, 17కు మాత్రం పదహారు కావాలి.