శస్త్రచికిత్సలో రేడియేషన్ – కాలేయ సహన పరిమితి: ఒక విమర్శనాత్మక పరిశీలన

శస్త్రచికిత్స జరుగుతుండగానే కణితి ఉన్న చోటికి ఒకే విడతలో రేడియేషన్ ఇచ్చే పద్ధతిలో పేగుల వంటి అవయవాలను పక్కకు జరిపి కాపాడవచ్చు. కాలేయ కణితి విషయంలో ఆ వెసులుబాటు తక్కువ. దాని చుట్టూ ఉన్నది కాలేయమే. అందుచేత కాలేయం ఎంత మోతాదును తట్టుకోగలదన్న ప్రశ్న కీలకమవుతుంది.

దీనికి సమాధానంగా 1991లో ఎమామి బృందం ప్రచురించిన పట్టికను ఉదహరించడం పరిపాటి. అయిదేళ్లలో హాని సంభావ్యత 5 శాతంగా ఉండే మోతాదు కాలేయం మొత్తానికి 30 గ్రేలు, మూడో వంతుకు 50 గ్రేలు అని అది పేర్కొంది. అయితే ఈ అంకెలు రోజుకు సుమారు 2 గ్రేల చొప్పున వారాల తరబడి సాగే చికిత్సకు చెందినవి. వాటిని ఒకే విడత మోతాదుకు అన్వయించడం సరికాదు. లీనియర్-క్వాడ్రాటిక్ సూత్రంలో ఆల్ఫా-బీటా నిష్పత్తిని 3గా తీసుకుంటే, ఒకేసారి ఇచ్చిన 20 గ్రేలు విడతలవారీ పద్ధతిలోని సుమారు 92 గ్రేలకు సమానం. ఇంత పెద్ద మోతాదులకు ఆ సూత్రం ఎంతవరకు వర్తిస్తుందన్నదీ వివాదాస్పదమే.

అయినా చిన్న భాగం దెబ్బతింటే కాలేయం నిలదొక్కుకుంటుంది. మిగిలిన భాగం ఆ పనిని చేపడుతుంది, పెరుగుతుంది కూడా. కనుక సహన పరిమితిని గ్రేలలోనే కాక, రేడియేషన్ సోకకుండా మిగిలే కణజాల పరిమాణంలోనూ చెప్పాలి. కాలేయంలో కొంత కోసి తీసివేసినప్పుడు ఆ లెక్కను మిగిలిన భాగంపైనే వేయాలి. సిర్రోసిస్ ఉంటే మిగిలినదంతా సమర్థంగా పనిచేస్తుందని భావించరాదు. పిత్తనాళానికైతే ఈ వెసులుబాటు అసలే లేదు: ఒక్కచోట గట్టిపడి ఇరుకైతే దాని ఎగువనంతా పిత్తరసం నిలిచిపోతుంది. మోతాదును మాత్రమే నమోదు చేసి, మిగిలిన కాలేయ పరిమాణాన్ని విస్మరించిన నివేదిక ఆధారంగా సహన పరిమితిని నిర్ణయించలేము.