నూరిన ముక్క

కొత్తగా ల్యాబ్‌లో చేరిన రోజుల్లో ఒకసారి ముక్కు లోపలి నుంచి తీసిన శనగగింజంత ముక్క వచ్చింది. శ్రద్ధ ఎక్కువై, దాన్ని కల్వంలో వేసి పచ్చడి నూరినట్టు మెత్తగా నూరేశాను. స్లైడ్‌లో ఏమీ కనపడలేదు. కల్చర్ ప్లేటూ ఖాళీయే. ముక్క తీసిన డాక్టరుగారు ఫోన్ చేశారు. "ఏమ్మా, లోపలంతా మాడినట్టు నల్లగా ఉంది, మీకేం దొరకలేదా?" మా రిపోర్టు కోసం కూర్చోకుండా ఆయన అప్పటికే యాంఫోటెరిసిన్ అనే బూజు మందు మొదలుపెట్టారు, నయం.

ఆయన అనుమానించిన మ్యూకర్ జాతి బూజు పోగులకు మధ్యలో అడ్డుగోడలు దాదాపు ఉండవు. పొడుగాటి గొట్టాలన్నమాట. ఎక్కడ నలిగినా లోపలి సరుకు కారిపోయి చచ్చిపోతాయి. అందుకే ఆ ముక్కను బ్లేడుతో కొత్తిమీరలా తరగాలి. రెండోసారి పంపిన ముక్కను అలాగే తరిగాను.

తునక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే కండ కరుగుతుంది, బూజు నిలుస్తుంది. కాసేపు ఆగాలి. ఆ కాసేపూ ఆగలేకపోవడమే కొత్తవాళ్ల జబ్బు. మైక్రోస్కోపు వెలుతురు తగ్గించి చూస్తే, మడతలు పడ్డ వెడల్పాటి రిబ్బన్లు, ఇంచుమించు లంబకోణంలో కొమ్మలు. అదే సన్నగా, అడ్డుగీతలతో, పంగలకర్రలా చీలితే ఆస్పర్‌జిల్లస్ అని అనుమానించాలి. ఈ తేడా పట్టుకోవాల్సిందే, ఎందుకంటే ఆస్పర్‌జిల్లస్‌కి ఇచ్చే వొరికొనజోల్‌కి మ్యూకర్ లొంగదు.

2021 మేలో, కోవిడ్ రోజుల్లో, మ్యూకర్ తెచ్చే జబ్బుకి 'బ్లాక్ ఫంగస్' అని పేరు పడింది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఈ రోగులకే కేంద్రమైంది. నాకా పేరు నచ్చలేదు. ప్లేటులో అది తెల్లటి దూదిలా మొదలై, రెండు మూడు రోజుల్లో బూడిదరంగు తిరిగి మూతను తాకుతుంది. నల్లబడేది మనిషి కండ. పోగులు రక్తనాళాల్లోకి చొరబడి నెత్తురు ఆపేస్తే ఆ మేర చచ్చిపోతుంది. బూజు మటుకు రొట్టె మీద పట్టేదానికి దగ్గరి చుట్టమే, దాని బీజాలు మనం రోజూ పీలుస్తూనే ఉంటాం. షుగర్ బాగా పెరిగి నెత్తురు ఆమ్లమైతే, కట్టుబడి ఉండాల్సిన ఇనుము విడిపోయి దానికి మేతవుతుంది. కాపలా ఉండే తెల్లకణాలూ మందగిస్తాయి. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవాళ్లను స్టీరాయిడ్లు బతికించాయి, నిజమే. కానీ అవే షుగర్‌ని పెంచుతాయి; అది చూడకుండా ఇంట్లో మింగినవాళ్ల మాటేమిటి?

మా ఫారంలో 'షుగర్ ఉందా' అన్న గడి ఒకటుంది. చాలాసార్లు 'లేదు' అని రాసి వస్తుంది. ఫోన్ చేసి అడిగితే ఇంటివాళ్లు, "ఎప్పుడూ చూపించుకోలేదండీ" అంటారు. ఆ 'లేదు'కి అర్థం అది. ఇప్పుడు గడి పక్కన 'ఎప్పుడు చూశారు?' అని పెన్నుతో రాస్తున్నాను.

మొన్న సాయంత్రం స్లైడ్‌లో మళ్లీ రిబ్బన్లు కనిపించాయి. గ్లోవ్స్ విప్పి ముందు వార్డుకి ఫోన్ చేశాను. "రాత్రికే థియేటర్‌కి తీసుకెళ్తాం మేడమ్" అన్నాడు డ్యూటీ డాక్టరు. రిపోర్టు ఆ తర్వాత టైపు చేశాను.